పాట అయిపోయాక మిగిలే చోటు

మొన్న మా అమ్మాయి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. తల కింద దిండుగా పెట్టుకోవచ్చు, అంత లావు. రాక్ సంగీతం పుట్టినప్పటి నుంచి జరిగిన గొప్ప ఘట్టాలన్నీ అందులో వరసగా ఉన్నాయి. ఒకాయన కరెంటు గిటారు పట్టుకుని స్టేజీ ఎక్కితే జనం గోల చేసిన రోజు, ఆడపిల్లల అరుపుల్లో పాడేవాళ్ళకే తమ పాట వినబడని రోజు, మేడ మీద నిలబడి పాడితే కింద వీధంతా ఆగిపోయిన రోజు. బాగానే రాశారు. నలభై మూడో ఘట్టం దగ్గర మా అమ్మాయి వేలు పెట్టి, "అమ్మా, ఇది మీ ఫ్యాక్టరీలో చేసిన రికార్డే కదా?" అంది.

అది 'గోడమీది పిల్లులు' అనే బృందం ఆఖరి రికార్డు. ఆ రోజుల్లో ఆ నలుగురి పాట వినబడని వీధి లేదు. నల్ల అట్ట, అట్ట మీద ఒక్క అక్షరం కూడా ఉండదు. పుస్తకంలో అట్ట బొమ్మ కింద మరో రెండు ఫొటోలు వేశారు. రికార్డు మీద పాటలన్నీ అయిపోయాక, మధ్యలో అతికించిన కాగితం బిళ్ళకి ముందు, ఉంగరంలా కాస్త నున్నటి ఖాళీ మిగులుతుంది. అక్కడ సూదితో గీకిన అక్షరాలవి. బజారుకి మొదట వచ్చిన కొద్ది కాపీల మీద "వస్తావా?" అని ఉంది. తర్వాత వచ్చిన లక్షల కాపీల మీద "వస్తా" అని ఉంది. అలిగి బృందం వదిలి వెళ్ళిపోయిన గిటారు మనిషిని పాడే మనిషి అలా పిలిచాడనీ, అతను అలా జవాబిచ్చాడనీ, సంగీత చరిత్రలో ఇంతకంటే గుండెను పిండే రాజీ లేదనీ నాలుగు పేజీలు రాశారు. చేతిరాత నిపుణుడి అభిప్రాయం కూడా వేశారు.

నాకు ఒళ్ళు మండింది. కాకమ్మ కబుర్లకైనా ఒక హద్దుండాలి.

"రాజీ లేదు, గీజీ లేదు. 'వస్తావా' అని గీకింది మీ నాన్న. 'వస్తా' అని గీకింది నేను" అన్నాను.

మా అమ్మాయి నోరు తెరుచుకుని వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలోంచి చెయ్యి చాచి పుస్తకం అందుకున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫొటోని ముక్కుకి ఆనించుకుని చూసి, "బాగా వచ్చింది" అన్నారు. ఫొటో బాగా వచ్చిందో, అక్షరం బాగా వచ్చిందో చెప్పలేదు. ఆయనంతే.

ఆ ఒక్క మాట గీకినందుకు ఆయన ఏం పోగొట్టుకున్నారో మాత్రం ఆ పుస్తకంలో లేదు. ఇన్నేళ్ళూ మేమూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేం ఘనకార్యం కాదు, పనిలో ఇద్దరం కలిసి చేసిన తప్పు. కానీ నాలుగు పేజీల అబద్ధం అచ్చయ్యాక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

నాకు పుట్టుకతోనే పాము చెవులు. పక్కింట్లో అగ్గిపుల్ల గీస్తే నాకు మెలకువొచ్చేది. అమ్మ బట్టలు కుట్టేది. కుట్టు మిషన్ సూది మొద్దుబారిందని ఆవిడకంటే ముందు నేనే చెప్పేదాన్ని, చప్పుడుని బట్టి. "దీన్ని చేసుకునేవాడు గురక పెట్టాడో, ఆ రోజుతో సరి" అని అమ్మ పిన్నితో అంటుండేది. ఆ చెవులే చివరికి నాకు అన్నం పెట్టాయి. ఇరవై రెండో ఏట రికార్డుల ఫ్యాక్టరీలో వినే పని దొరికింది.

వినడం కూడా ఒక పనేనా అని ఇప్పటివాళ్ళు నవ్వుతారు. మా గదిలో ఆరు బల్లలు, ఆరుగురు ఆడవాళ్ళం. నేల మీద మందపాటి తివాచీ. చెప్పులు బయట విడిచి గుడ్డ జోళ్ళు తొడుక్కోవాలి. లోపల మాట్లాడకూడదు, ఏం కావాలన్నా సైగలే. కొత్త రికార్డు ఏది వచ్చినా, లక్షలు అచ్చువేసే ముందు ఒక శాంపిల్ తీసి మా బల్ల మీద పెడతారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు వైపులా వినాలి. ఎక్కడైనా టిక్కుమందా, బుస్సుమందా, గొంతు వణికిందా. పాట బాగుందా లేదా అన్నది మాకు అనవసరం. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు అన్నం రుచి గురించి ఎవరాలోచిస్తారు? తప్పు లేకపోతే కవరు మీద నీలం సుద్దతో "సరి" అని రాస్తాం. ఉంటే చీటీ రాసి వెనక్కి కొడతాం.

ఆ చీటీ సంగతి ముందే చెప్పాలి, కథంతా దాని చుట్టూనే ఉంది. చీటీ రెండు సగాలు. పై సగంలో, తప్పు కోతలో జరిగిందా, అచ్చులో జరిగిందా, సరుకులో ఉందా అని మూడు గళ్ళు. ఏదో ఒక గడిలో గీత పెట్టాలి. ఆ సగం చింపి ఆఫీసుకి పంపుతారు. కింది సగంలో తప్పేమిటో మాటల్లో రాయాలి. అది ఎవరి తప్పయితే వాళ్ళకే నేరుగా పోతుంది. కోత అని గీత పెడితే పై అంతస్తులోని కోతగదికి, అంటే ఆయనకి.

కోత అంటే లక్క పూసిన పళ్ళెం మీద పాటని సూదితో చెక్కడం. వెంట్రుక కంటే సన్నటి గాడి, బయటి అంచు నుంచి లోపలికి చుట్టలు తిరుగుతూ పోతుంది. ఆ పళ్ళెం నుంచే లోహపు అచ్చు తీస్తారు, ఆ అచ్చు నుంచే రికార్డులన్నీ. అంటే లక్షమంది ఇళ్ళలో మోగే పాట మొదట ఒక్క మనిషి చేతి కింద పుడుతుంది. ఆయన ఆరేళ్ళు ఆ గది ఊడ్చారు. మూడేళ్ళు పెద్ద మేస్త్రీ వెనక నిలబడి చూశారు. పెద్ద మేస్త్రీ పని మానేసిన రోజున మిషన్ ఆయన చేతికొచ్చింది. ఫ్యాక్టరీ అంతటికీ ఆ మిషన్ ఒక్కటే.

కింద అచ్చు యంత్రాలు మొదలైతే భవనం అదురుతుంది, సూది అదురుతుంది. అందుకని ఆయన పని తెల్లవారి ఐదింటి నుంచి పదింటి దాకా. మా పని పదింటి నుంచి ఆరింటి దాకా. మేము గేటు లోపలికి వెళ్తుంటే ఆయన బయటికొస్తూ కనబడేవారు. పొడుగు మనిషి, మెడ కొంచెం ముందుకి వంచి నడిచేవారు. పలకరింపు లేదు, నవ్వు లేదు. మా వాళ్ళు ఆయనకి 'మౌనవ్రతం' అని పేరు పెట్టారు. మా గదికి పెద్ద, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ, "కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఈయన నోట్లో బస్తా నువ్వులు పోసినా ఒక్కటీ బయటికి రాదు" అనేది.

చేరిన కొత్తలో ఒక రికార్డు వెనక్కి కొట్టాను. "మూడో పాట మధ్యలో టిక్ చప్పుడు" అని రాసి కోత గడిలో గీత పెట్టాను. నిజమైన తప్పే. మళ్ళీ కోసి పంపిన శాంపిల్ రెండు రోజుల తర్వాత నా బల్ల మీదికే వచ్చింది. చివర్లో ఆ ఖాళీ ఉంగరం మీద రికార్డు నంబరు గీకి ఉంటుంది, దీపం కింద ఏటవాలుగా పెట్టి అది సరిచూడటం కూడా మా పనే. నంబరు పక్కన చీమకాలంత అక్షరాలున్నాయి. "నాదే తప్పు." కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఉంది. ఎవరికీ చెప్పకుండా "సరి" అని రాసేశాను. అది అకార్డియన్ వాయిద్యం రికార్డు. కొన్నవాళ్ళందరి ఇళ్ళకీ పాటలతో పాటు ఆయన క్షమాపణ కూడా వెళ్ళింది.

తర్వాతి వారం ఇంకో రికార్డు మీద, "ఇప్పుడు బాగుందా?" అని ఉంది.

బాగుందని చెప్పాలి. ఎలా? గేటు దగ్గర నోటితో చెప్పొచ్చు. ఊరందరినీ కడిగేసే నా నోరు ఆయన ఎదురుపడగానే తాళం వేసినట్టు మూతపడిపోయేది. కింది సగం చీటీ ఉంది, కానీ తప్పున్న రికార్డుకే చీటీ. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. తెలివి అనే అనుకున్నాను, అదే కొంప ముంచింది. ఏ తప్పూ లేని ఆ రికార్డుని వెనక్కి కొట్టాను. కోత గడిలో గీత పెట్టి, కింద, "బాగుంది. రెండో పాటలో ఏదో చప్పుడు వినబడింది, నా చెవులు పొరబడ్డాయేమో" అని రాశాను.

ఆయన మొత్తం మళ్ళీ కోశారు. నంబరు పక్కన, "మీ చెవులు పొరబడవు" అని ఉంది.

ఆ రోజు ఇంటికెళ్ళి అద్దంలో నా చెవులు చూసుకున్నాను. నవ్వకండి. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక మనిషి తెల్లవారుజామున లేచి, భూతద్దం కింద వంగి మీ చెవుల గురించి సూదితో రాస్తే మీరూ చూసుకుంటారు.

అలా నాలుగు నెలలు గడిచాయి. మొదటి కోత మీద ఆయన అడిగేవారు, వెనక్కి కొట్టి నేను జవాబు రాసేదాన్ని, రెండో కోత మీద ఆయన ముగించేవారు, నేను పాస్ చేసేదాన్ని. "వాన ఇష్టమా?" అంటే, "ఇష్టమే, గొడుగుంటే" అన్నాను. "నా దగ్గర ఉంది" అని వచ్చింది. అది చిన్నపిల్లల పాటల రికార్డు. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిల్లలు ఆ గొడుగు మీద సూది పెట్టి ఆడుకున్నారో తెలియదు. గేటు దగ్గర మాత్రం ఎప్పటిలాగే తలొంచుకుని పోయేవారు. ఒక్కోసారి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ వెంటనే మధ్యాహ్నం వచ్చే శాంపిల్ కోసం కళ్ళు కాయలు కాసేలా చూసేదాన్ని.

ఒకరోజు భోజనాల గదిలో పెద్దక్క నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏమే పాము చెవులూ, ఆ మౌనవ్రతం నీకేం అన్యాయం చేశాడే?"

"ఏమీ చెయ్యలేదే. ఏం?"

"నాలుగు నెలల్లో తొమ్మిది కోతలు వెనక్కి కొట్టావు. మేమెవరం ఒక్కటీ కొట్టలేదు. ఆఫీసులో బోర్డు మీద నువ్వు కొట్టినవన్నీ గీతలు గీసి పెట్టారు. పదో గీత పడిందో, అతన్ని మిషన్ మీంచి లేపి ప్యాకింగులో వేస్తారట. మేనేజరు మేనల్లుడు ఆ కుర్చీ కోసం గోతికాడ నక్కలా కాచుకుని కూర్చున్నాడు."

పై సగం ఆఫీసుకి పోతుందని నాకు తెలుసు. పోయి ఏమవుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. నేను రాసుకున్న ప్రతి ముద్దుమాటా ఆయన బోర్డు మీద ఒక గీత. ఆ సంగతి ఆయనకి మొదటి నుంచీ తెలుసు. తెలిసీ, ఒక్కో రికార్డునీ రెండేసి సార్లు కోస్తూ, వాన గురించీ గొడుగు గురించీ అడుగుతూ కూర్చున్నారు.

కుళాయి దగ్గరికెళ్ళి ఏడ్చాను. ముఖం కడుక్కుని మళ్ళీ ఏడ్చాను. మర్నాడు గేటు దగ్గర ఎవరున్నా సరే, చెప్పేయాలనుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర ఆయన లేరు. లారీలున్నాయి. 'గోడమీది పిల్లుల' రికార్డు బజారుకి వెళ్ళే రోజది. బృందం విడిపోయిందనీ, ఇక పాటలు రావనీ నెలరోజులుగా పేపర్లు మోతెక్కిస్తున్నాయి. దుకాణాల ముందు జనం అప్పటికే బారులు తీరారు. మేనేజరు తానే శాంపిల్ పట్టుకొచ్చి పెద్దక్క చేతిలో పెట్టి, "అన్నిటికంటే మంచి చెవులకివ్వండి" అన్నాడు. పెద్దక్క నా కళ్ళలోకి చూసి నా బల్ల మీద పెట్టింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదటి పాట శుభ్రం. రెండో పాటలో ఆఖరి చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. పాడే అతను ఊపిరి తీసుకుంటాడు. ఆ నిశ్శబ్దంలో, టిక్.

మళ్ళీ వెనక్కి పెట్టి విన్నాను. టిక్. మూడోసారీ టిక్. ఈసారి దొంగ తప్పు కాదు. బడికెళ్ళే పిల్లాడికైనా వినబడేంత తప్పు. ఆ వైపు పూర్తయ్యాక రికార్డుని దీపం కింద వంచాను. నంబరు పక్కన, "వస్తావా?" అని ఉంది.

ఎక్కడికి అని రాయలేదు. రాయనక్కర్లేదు. అంతవరకూ మీరు, మీరు అని రాసిన మనిషి మరి.

వెనక్కి కొడితే జవాబు రాయొచ్చు. కానీ అది పదో గీత, మిషన్ పోతుంది. పాస్ చేస్తే మిషన్ ఉంటుంది, నా చెవుల పరువు పోతుంది. ఎనిమిది మంచి రికార్డుల్ని చెడ్డవని రాసిన చేత్తో, నిజంగా చెడ్డదాని కవరు మీద నీలం సుద్దతో "సరి" అని రాశాను. మేనేజరు దాన్ని లాక్కుని పరిగెత్తాడు. కాసేపటికి కింద యంత్రాలు మొదలయ్యాయి. తివాచీ మీదుగా ఆ అదురు నా కాళ్ళలోకి వచ్చింది.

అప్పుడు లేచాను. గుడ్డ జోళ్ళతోనే మెట్లెక్కి, జీవితంలో మొదటిసారి కోతగదిలోకి వెళ్ళాను. ఇంటికెళ్ళాల్సిన మనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ ఖాళీగా మోకాళ్ళ మీద పెట్టుకుని, చీటీ కోసం కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"చీటీ రాలేదు" అన్నారు. నాతో నోటితో మాట్లాడిన మొదటి మాట అది.

"పంపలేదు. పాస్ చేశాను."

ఆయన ముఖంలో రంగు మారింది. "రెండో పాటలో..."

"విన్నాను."

"విని పాస్ చేశారా?"

"మరేం చెయ్యమంటారు?" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "పదోది పడితే మిషన్ పోతుందని నాకు చెప్పారా? తొమ్మిదిసార్లు మీ మెడ మీద కత్తి పెట్టాను. ఇంతోటి వానలూ గొడుగులూ గీకే బదులు, ఇక ఆపండి అని ఒక్క ముక్క గీకొచ్చు కదా!"

"గీకితే ఆపేస్తారు కదా" అన్నారు ఆయన.

ఆయనే నేలవైపు చూస్తూ మెల్లగా చెప్పారు.

"అది కోస్తుంటే లేచిన లక్క పొట్టు సూది కింద పడింది. చూశాను. పళ్ళెం పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి. పెట్టలేదు."

"ఎందుకని?"

"అడిగింది పెద్ద మాట. దానికి మీరు జవాబు రాయాలంటే లేని తప్పు ఉందని రాయాలి. ఈ ఒక్కసారి మీచేత అబద్ధం రాయించకూడదనిపించింది. నిజం తప్పు ఒకటి ఉంటే నిజంగానే వెనక్కి కొడతారు కదా అని."

"మిషన్ పోతుందని తెలిసే?"

"తెలిసే."

నేను ఆయన స్టూలు మీద కూలబడ్డాను. ఆయన కోసం నేను నా చెవులు పాడుచేసుకున్నాను, నా కోసం ఆయన తన చెయ్యి పాడుచేసుకున్నారు. ఇద్దరం కలిసి మూడోవాళ్ళ పాట పాడుచేశాం. కింద ఇరవై యంత్రాలు, ఒక్కోటి నిమిషానికి రెండు చొప్పున ఆ టిక్కుని అచ్చు వేస్తున్నాయి.

"ఆ అబ్బాయి ఊపిరి తీసుకునే చోటు అది" అన్నారు ఆయన. "ఆ పాటంతటికీ అదే ప్రాణం. అక్కడ మన చెత్త ఉంది. ఆపించాలి. మీరు ఇక్కడే ఉండండి, నేనొక్కణ్ణే వెళ్తా. మీకు వినబడలేదని చెప్తా."

అంతే, నా దుఃఖమంతా ఎటుపోయిందో ఎగిరిపోయింది. "నాకు వినబడలేదని చెప్తారా? నాకు? ఈ చెవులకి?" అంటూ లేచాను. "పదండి. ఇద్దరం చేసిందానికి ఇద్దరం చెబుదాం."

మేనేజరు ఇంతెత్తున ఎగిరాడు. యంత్రాలు ఆగాయి. అప్పటికే ఒక లారీ నాలుగు వందల కాపీలతో వెళ్ళిపోయింది. "వస్తావా?" అని ఉన్న కాపీని ఇల్లు అమ్మి మరీ కొనుక్కున్నవాళ్ళ పేర్లు కూడా మా అమ్మాయి తెచ్చిన పుస్తకంలో వేశారు, ఆ కాపీలు ఇవే. మేనల్లుడికి మిషన్ మీద ఇంకా చెయ్యి కుదరలేదు. అందుకని మేనేజరు పళ్ళు కొరుక్కుంటూ, "ఇది కోసి పెట్టి మరీ దిగు. రేపట్నుంచి ప్యాకింగు" అని ఆయనతో అన్నాడు. నాతో, "నువ్వు పక్కనే నిలబడి విను. ఈసారి చెవులు పెట్టుకుని విను" అన్నాడు.

ఆయన పని చేస్తుంటే నేను చూసింది ఆ ఒక్కసారే. ఆయన కోసం భవనమంతా కదలకుండా నిలబడింది. వంచిన ఆ మెడ అక్కడ వంకరగా కనబడలేదు, ఆ భూతద్దం కోసమే అలా కుదిరినట్టుంది. నల్లటి పొట్టు మెరుస్తూ దారంలా లేస్తుంటే, దాన్ని గొట్టం లోపలికి పీలుస్తోంది. ఎక్కడైనా తెగి పడుతుందేమోనని ఆయన ఎడమచెయ్యి పక్కనే కాపలా కాసింది. రెండో పాటలో వాయిద్యాలు ఆగిన చోట మేమిద్దరం ఊపిరి బిగపట్టాం. పాడే అతను ఊపిరి తీసుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు.

పాటలు అయిపోయాయి. ఆయన నంబరు గీకి, ఊది, ఆ సూదికలం నా చేతికిచ్చి పక్కకి జరిగారు. అలాంటిది పట్టుకోవడం నాకదే మొదటిసారి. మొదటి అక్షరం వంకర పోయింది. ఉద్వేగంలో ఉన్న మగవాడి రాత అని పుస్తకంలో నిపుణుడు తేల్చింది దాన్నే. రెండక్షరాల మాటని ఆయన భూతద్దం కింద చాలాసేపు చదువుకున్నారు.

మర్నాటి నుంచి ఆయన ప్యాకింగులో ఉన్నారు. మేనల్లుడు మొదటి వారంలోనే పన్నెండు పళ్ళేలు పాడుచేశాడు, అయినా కుర్చీ వాడిదే. ఆ మిషన్ మళ్ళీ ఎప్పటికీ ఆయన చేతికి రాలేదు. నాకు ఆరు నెలలపాటు చిన్నపిల్లల పాటలు తప్ప ఇంకేవీ ఇవ్వలేదు. ఇప్పటికీ ఎక్కడైనా బాతు పాట వినబడితే నాకు తలనొప్పి వస్తుంది.

ప్యాకింగులో చేరాక ఆయన పనివేళలూ మావే అయ్యాయి. రోజూ మధ్యాహ్నం శాంపిళ్ళ పెట్టె మోసుకొచ్చి మా గుమ్మంలో దింపి వెళ్ళేవారు. మొదటి రెండు రోజులూ దింపి వెళ్ళారు. మూడో రోజు దింపి, వెళ్ళలేదు. మాట్లాడకూడని ఆ గది గుమ్మంలో నిలబడి, నావైపు చూస్తూ గట్టిగా మాట్లాడారు.

"మిషన్ పోయింది కదా. నాకు చాలా బాధగా ఉంది" అన్నారు.

ఒక్కొక్కరే హెడ్‌ఫోన్లు తీశారు. పెద్దక్క వేలు పెదవుల దాకా తీసుకెళ్ళి, దించేసింది.

"చేసింది తప్పనిపించట్లేదు. బాధగా మాత్రం ఉంది. తెల్లవారి ఐదింటికి మెలకువొస్తోంది. చేతులు ఊరుకోవట్లేదు. ఇదివరకైతే గీకేవాణ్ణి. ఇప్పుడు చోటు లేదు. అందుకని మీతో చెబుదామని వచ్చాను."

నాకోసమే పోగొట్టుకున్న మనిషి, ఫరవాలేదని అబద్ధం చెప్పి నన్ను ఊరడించొచ్చు. అలా చెయ్యలేదు. తన బాధని ఉన్నది ఉన్నట్టు తెచ్చి నాకిచ్చారు. ఈయనతో బతకొచ్చని నాకు ఆ క్షణంలో తెలిసింది. "వస్తా" అని గీకిన రోజున కూడా అంత గట్టిగా తెలియలేదు.

పాట మోగుతుండగానే లేచాను. నా బల్ల మీద సూదిని పెద్దక్క ఎత్తి పక్కన పెట్టింది. బయట వసారాలో అట్టపెట్టెల మీద ఇద్దరం కూర్చున్నాం. లక్క వాసన ఎలా ఉంటుందో, పెద్ద మేస్త్రీ మొదటిసారి చెయ్యి పట్టుకుని ఎలా నేర్పాడో, మొదటి పళ్ళెం కోసిన రోజున భయంతో అన్నం ఎలా సహించలేదో చెప్తూ పోయారు. మధ్యలో రెండుసార్లు గొంతు వణికింది. ఎక్కడా ఆపకుండా చివరిదాకా విన్నాను.